ఎదుటి పక్షం మాట

ముందుగా నాకు కచ్చితంగా తెలిసినదాన్నీ, విన్నదాన్నీ వేరు చేస్తాను. నరసాపురం దగ్గర మా ఊళ్లో చర్చి నూతి నీళ్లు ఉప్పగా ఉండేవి. ఇది కచ్చితం, నేను తాగి చూశాను. ఆ నూతి పక్కన చర్చి భూమిని కౌలుకు తీసుకుని సుందరరావు గారు రొయ్యల చెరువు తవ్వించారు. ఇదీ కచ్చితం. చెరువు వల్లే నుయ్యి చెడిందన్నది మాత్రం ఊరి మాట. ఆ మాటను నిజమని రాసి ఒక పోటీలో గెలిచాను. ఇన్నేళ్లూ ఆ బరువును ఎవరికీ చూపకుండా మోశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అప్పుడు బీఎస్సీ చదువుతున్నాను. వాదించి ఒప్పించే వ్యాసం ఎలా రాయాలో మా ఇంగ్లిష్ మేడమ్ నేర్పుతున్నారు. ముందు మీ అభిప్రాయం చెప్పండి, ఆధారం చూపండి, ఎదుటి పక్షం మాటను దాని పూర్తి బలంతో రాసి, ఆ తరువాతే జవాబివ్వండి అనేవారు. అదే సమయంలో మా చర్చి యువతకు వ్యాసరచన పోటీ పెట్టింది: చర్చి భూమిలో రొయ్యల చెరువు ఉండాలా, వద్దా? కౌలు గడువు ముగియబోతున్న రోజులవి. గెలిచిన వ్యాసాన్ని సంఘం ముందు చదువుతామన్నారు.

నాది వద్దనే పక్షం. ఎదుటి పక్షం మాట కోసం చెరువు గట్టుకు వెళ్లాను. సుందరరావు గారు చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్‌ని బాగుచేయడానికి విప్పుకుని కూర్చున్నారు.

"ఏంటమ్మా, బీఎస్సీ చదివి మా రొయ్యల మీద పడ్డావా?"

"మీ మాట కూడా రాయాలండి. మేడమ్ చెప్పారు."

"అయితే రాసుకో. నేను చెరువు తవ్వకముందే ఆ నుయ్యి ఉప్పు. నన్ను నమ్మక్కర్లేదు, మీ మామ్మగారిని అడుగు. ఆవిడ ఏనాడైనా ఆ నీళ్లతో పప్పు ఉడకేసిందేమో."

అడిగాను. మామ్మ నవ్వింది. ఆ నీళ్లలో పప్పు ఉడికితేగా, పప్పుకి ఎప్పుడూ కాలవ నీళ్లే తెచ్చుకునేవాళ్లం అంది.

అంటే చెరువుకు ముందే ఆ నుయ్యి ఉప్పని నాకు తెలుసు. రాయడానికి కూర్చోకముందే తెలుసు. ఆ మాట పెడితే నా వ్యాసం నిలవదని కూడా తెలుసు కాబట్టి, దాన్ని వదిలేసి, ఆ చోట 'చెరువు వల్ల కొందరికి పని దొరుకుతుంది' అన్న బలహీనమైన వాక్యం పెట్టి, దాన్ని సులువుగా కొట్టిపారేశాను. అందరూ అంటున్నదే రాశానని సమాధానం చెప్పుకున్నాను. అందరూ అనడం ఎప్పటి నుంచి ఆధారమైంది?

వ్యాసం చదివిన రోజు సుందరరావు గారు వెనక వరుసలో ఉన్నారు. 'ఎదుటి పక్షం వారు ఏమంటారంటే' అన్నచోట ఆయన తలెత్తారు. తన మాట వస్తుందనుకున్నారు. రాలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయనా కొట్టారు. ఇంటికొచ్చాక మామ్మ ఒక్కటే అడిగింది: "మరి నన్నెందుకు అడిగావే?"

కౌలు పొడిగించలేదు. పెద్దలు నా వ్యాసాన్నే కారణంగా చూపారు. సుందరరావు గారు భీమవరం వైపు ఎవరి చెరువుల మీదో కాపలా పనికి వెళ్లారు. ఆయన ఎక్కడున్నారో వాకబు చేస్తే తెలుస్తుంది. చేయలేదు.

ఇప్పుడు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎవరేం చెప్పినా ఆధారం అడుగుతానని తోటివారు వేళాకోళం చేస్తారు. చదువు నేర్పిన అలవాటని వాళ్లనుకుంటారు. అది కొంతవరకే నిజం.

ఒక ప్రశ్న మిగిలింది. ముందే ఉప్పగా ఉన్న నూతిని ఆ చెరువు ఇంకా ఉప్పగా చేసిందా? తెలియదు. చెరువుకు ముందు ఆ నీటిని ఎవరూ కొలవలేదు. తరువాత చెరువునూ నూతినీ పూడ్చేశారు. పరీక్షించడానికి నీళ్లే లేవు. జవాబు 'అవును' అయితే బాగుండునని నాలో ఏదో ఇప్పటికీ కోరుకుంటుంది. ఆ కోరికనూ ఇక్కడే రాసిపెడుతున్నాను. సుందరరావు గారి మాటను మాత్రం ఈసారి వదిలేయలేదు.