అత్త కయ్యలోకి ఊరిన ఉప్పు

కోట దగ్గర, సముద్రం పక్కనున్న మా ఊళ్లో మాకు, మా మేనత్తకు పక్కపక్కనే వరి కయ్యలుండేవి. తాత పంచి ఇచ్చిన భూమి. మధ్యలో ఒక్క గట్టు. మామ పోయాక అత్త ఒక్కతే సేద్యం చేసుకునేది. నీళ్లు తక్కువైనప్పుడు నాయన ముందు చెల్లెలి కయ్య తడిపి, ఆ తర్వాతే మా కయ్యకు మళ్లించేవాడు.

చుట్టూ ఒక్కొక్కరే రొయ్యల గుంటలు తవ్వారు, మిద్దెలు కట్టారు. నాయన చూసీ చూసీ ఒక వేసవిలో మా కయ్యలోకీ జేసీబీని దింపాడు. మోటార్లు పెట్టి ఉప్పునీళ్లు నింపారు. గుంటలో నీళ్లు చిలికే ఏరేటర్ల మోత మా ఇంటిదాకా వినిపించేది. తొలి పంట బాగా వచ్చింది. అమ్మ మెళ్లో కొత్త గొలుసు పడింది.

ఆ ఏడు అత్త ఎప్పటిలాగే నాట్లు వేసింది. గట్టు పక్క వరి ముందు ఎర్రబడింది. పొట్టకొచ్చే వేళకు కయ్యంతా మాడిపోయింది. అత్త ఒక దుబ్బును వేళ్లతో సహా పెరికి తెచ్చి, వసారాలో నాయన ముందు పెట్టింది.

"అన్నా, నీ గుంట నీళ్లు నా కయ్యలోకి ఊరతుండాయి. గట్టెంట కాలవన్నా తీయించు. ఊటంతా దాంట్లో పడిపోతాది."

"కాలవ తీస్తే నా గుంట చిన్నదైపోదా?"

"మరి నేనేం తినాల?"

"నీ కయ్య గూడా నాకు లీజుకియ్యి. ఇంక దాంట్లో వరి పండదు."

"పండకుండా చేసింది నువ్వే గదన్నా!"

"ఎవురు చేస్తే ఏంది? పండదు. అంతే."

నాయన గొంతు కూడా పెంచలేదు. అమ్మ మజ్జిగ తెచ్చిస్తే అత్త ముట్టుకోకుండా లేచిపోయింది.

అత్త మండలాఫీసు చుట్టూ తిరగగా తిరగగా అక్కణ్ణుంచి ఒకాయన వచ్చి గుంట చూశాడు. మా ఇంట్లో రొయ్యల ఇగురుతో అన్నం తిన్నాడు. వడ్డించింది నేనే. ఆయన తిని చెయ్యి కడుక్కునేదాకా అత్త వీధిలో ఎండలో నిలబడే ఉంది. ఆయన ఆమె వంక చూడకుండానే బండెక్కాడు.

చివరికి అత్త కయ్య కూడా నాయనకు లీజుకొచ్చి గుంటైంది. ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరింది. రోజంతా ఐసులో చేతులు పెట్టి నిలబడే పని.

తర్వాత తెల్లమచ్చ రోగం వచ్చింది. రొయ్యలు ఒడ్డుకు చేరి చచ్చాయి. నాయన మళ్లీ రొయ్య పిల్లల్ని వేశాడు, మళ్లీ చచ్చాయి. ఇక మోటార్లు అమ్మేసి, గుంటలు పూడ్పించి, మంచినీళ్లు పెట్టి వరి చల్లాడు. ఒక్క గింజ మొలవలేదు. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నీ కయ్య నువ్వు తీసుకో అని చెల్లెలికి కబురు పంపాడు. ఆమె రాలేదు.

మొన్నామధ్య బస్సులో అత్త నా పక్కన కూర్చుంది. వేళ్ల చివర్లు తెల్లగా నాని పగిలి ఉన్నాయి.

"మీ నాయన ఎట్టుండాడు?"

"మోకాళ్ల నొప్పులత్తా. అయినా పొద్దున్నే కయ్యకాడికి పోయి కూర్చుంటాడు."

"కూర్చోనీ. నూరేళ్లు బతికి, రోజూ దాన్ని చూస్తా కూర్చోనీ," అంది. దీవిస్తున్నట్టే నా తల మీద చెయ్యి వేసి, షెడ్డు రాగానే దిగిపోయింది.

ఇంటికెళ్లి ఆ మాట నాయనకు చెప్పాను. మర్నాడూ పొద్దున్నే ఆయన కర్ర పట్టుకుని కయ్య వైపే నడిచాడు.