వెనక నుంచి వచ్చిన సముద్రం

మా చిన్నతనంలో ఒక సాయంత్రం... జర్మనీ ఉత్తరపు ఒడ్డున, కరకట్ట మీద నిలబడి మా పేతురు బాబాయి సముద్రాన్ని చూసి నవ్వాడు.

"ఇదేం సముద్రం అన్నయ్యా... నీళ్లేవీ?"

నిజంగానే నీళ్లు లేవు. ఆటుకు అవి వెనక్కి పోయి కనుచూపు మేర బూడిదరంగు బురద...

రేపల్లె దగ్గర మా ఊరి లూథరన్ చర్చికి, అక్కడి చర్చి ఒకదానికి ఏనాటి నుంచో స్నేహం. వాళ్ల వేసవి కచేరీకి మా పాటల బృందాన్ని పిలిచారు. నాన్న బడిపంతులు, హార్మోనియం వాయించి పాడేవాడు. ఆయన తమ్ముడు పేతురు బాబాయిది డోలక్... మిగతా రోజుల్లో మడ అడవిలో పీతలు పట్టేవాడు. నాకు పదకొండేళ్లు. పాడేవాళ్లలో అందరికన్నా చిన్నదాన్ని. తెనాలిలో కొన్న స్వెట్టర్లు వేసుకుని వెళ్లాం.

ఆ ఉదయం హెల్గా అనే ముసలావిడ మాకు ఊరు చూపించింది. పాత ఇటుకల చర్చి... దాని పెరట్లో ఓడ బొమ్మలు చెక్కిన సమాధి రాళ్లు. కొన్ని రాళ్ల కింద ఎవరూ లేరట. సముద్రం తీసుకుపోయినవాళ్లు దొరక్కపోతే పేర్లు మాత్రం చెక్కేవారట.

సాయంత్రం కరకట్ట ఎక్కించి బైనాక్యులర్స్ ఇచ్చింది. దూరంగా ఇసుకదిబ్బ మీద సీల్ జంతువులు పడుకుని ఉన్నాయి.

"మీసాలున్న దున్నపిల్లల్లా ఉన్నాయే" అన్నాడు బాబాయి.

హెల్గమ్మ వేలు చూపిస్తూ ఏదో గట్టిగా చెప్పింది. నాన్న ఇంగ్లీషులో అడిగి తెలుసుకున్నాడు.

"తెలిసినవాళ్లు తోడు లేకుండా దిగొద్దంటోందిరా. ఇక్కడ నీళ్లు వెనక నుంచి వస్తాయట."

"వెనక నుంచి రావడానికి అదేమన్నా దొంగా?" అన్నాడు బాబాయి.

మా బాపట్ల వైపు సూర్యలంకలో సముద్రం ఎదురుగా వస్తుంది... చప్పుడు చేస్తూ వస్తుంది. మడ అడవిలో అయితే పీతలు చెబుతాయి. పోటు వచ్చే ముందు అవి తమ బొరియల నోళ్లు బురదతో మూసుకుంటాయి. అది చూసి బాబాయి వెనక్కి తిరిగేవాడు. ఎన్నో ఏళ్ల పనిలో ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు.

కచేరీ ఆ కరకట్ట మీదే, ఆరుబయట. ఇంకా రెండు గంటల టైముంది. నాన్న మైకుల దగ్గరికి, హెల్గమ్మ కుర్చీల దగ్గరికి వెళ్లారు. నేను బాబాయి చెయ్యి పట్టుకుని అడిగాను... సీళ్లను దగ్గర్నుంచి చూద్దామని.

ఈ మాట ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. బాబాయే నన్ను తీసుకెళ్లాడని అందరూ అనుకున్నారు. ఆయనా కాదనలేదు.

చెప్పులు గట్టున వదిలి దిగాం. బురద చల్లగా ఉంది. అడుగడుగునా చిన్న చిన్న కన్నాలు.

"చూశావా బుజ్జీ, అన్నీ తెరిచే ఉన్నాయి. ఇవి మూసుకునేదాకా మనకు భయం లేదు."

చాలా దూరం నడిచాం. చుట్టూ వేలకొద్దీ పక్షులు మేస్తున్నాయి. మేం దగ్గరికి వెళ్లేసరికి సీళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి జారిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే... పక్షులు లేవు. ఒక్కటి కూడా లేదు. వాటి చోట పొగమంచు కమ్ముకుని ఉంది. కరకట్ట కనబడలేదు.

బాబాయి వంగి కన్నాలు చూశాడు. తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లో వేలు పెట్టి తవ్వాడు. పీత లేదు... నల్లటి, లావుపాటి పురుగు ఒకటి బయటికొచ్చింది.

"ఇవి పీతలవి కావే" అన్నాడు మెల్లగా.

నా రెక్క పట్టుకుని గబగబా నడిపించాడు. వచ్చేటప్పుడు చీలమండ కూడా తడవని పాయ ఒకటి దాటాం. ఇప్పుడది నిండుగా పారుతోంది. సముద్రం వైపు చూస్తే బురద ఇంకా అలాగే ఉంది. నీళ్లు మాత్రం మాకూ గట్టుకూ మధ్య చేరాయి... చప్పుడు లేకుండా.

బాబాయి నన్ను భుజాలకెత్తుకున్నాడు. ఎటు వెళ్లాలో తెలీదు. అప్పుడు మంచులోంచి బాకాలు వినిపించాయి. కచేరీ మొదలైంది.

"అదిగో, అటే."

పాట వైపు నడిచాం. నీళ్లు ఆయన నడుము దాకా వచ్చాయి. అంతలో పాట ఆగింది.

బాబాయి కూడా ఆగిపోయాడు. ఎవరో ఉపన్యాసం మొదలుపెట్టారు... ఆ గొంతు గాలికి ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి. నేను అరిచాను. ఎవరూ పలకలేదు.

"నడువు బాబాయ్!"

"ఎటు నడవమంటావే? తప్పు వైపు వెళ్తే లోతులో పడతాం. ఉండు."

నీళ్లు నా పాదాలకు తగిలాయి. ఆయన పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఈ పాస్టరు గారు కూడా మన చర్చి అయ్యగారి లాంటోడేనే... ముగించడు."

ఆ మాటకు నవ్వు రాలేదు. నీళ్లు ఆయన రొమ్ము మీదికి వచ్చాయి. నేను ఆయన జుట్టు పట్టుకుని ఉన్నాను.

అప్పుడు మైకులో నాన్న గొంతు వచ్చింది... తెలుగులో. డోలక్ లేకుండా.

"మీ నాన్న తాళం తప్పుతున్నాడే" అని బాబాయి అడుగు వేశాడు.

నాన్న చరణం ఎత్తుకోకుండా పల్లవినే తిప్పి తిప్పి పాడాడు. మా ఊళ్లో డోలక్ మనిషి ఆలస్యమైతే అందరూ అలాగే చేస్తారు... అతను వచ్చి కూర్చునేదాకా పల్లవి సాగదీస్తారు. ఆ పల్లవి పట్టుకునే గట్టు చేరాం.

హెల్గమ్మ మమ్మల్ని చూసి అరవలేదు. దుప్పట్లు కప్పింది. బాబాయి మొహంలోకి చూసి ఒకే ఒక్క మాట అంది. నాన్న దాన్ని తెలుగులో చెప్పలేదు.

ఇప్పుడు బాబాయికి డెబ్బై దగ్గర పడ్డాయి. మా మడ అడవి చాలావరకు రొయ్యల చెరువులైంది. పోయిన వానాకాలం ఒక పున్నమి నాడు వాన లేకుండా, గాలి లేకుండా ఉప్పునీళ్లు మా వీధిలోకి వచ్చాయి. కాలువ వైపు నుంచి కాదు, ఇళ్ల వెనక నుంచి. "ఎంతదాకా వస్తాయి పేతురన్నా?" అని వీధి వీధంతా బాబాయి గుమ్మం ముందు నిలబడింది. ఒకప్పుడైతే ఇంతవరకే వస్తాయని గీత గీసి చూపించేవాడు.

"నాకు తెలీదమ్మా. పిల్లల్ని మేడ మీదికి ఎక్కించండి" అన్నాడు.

మీ ఊళ్లో నీళ్ల సంగతి ముందే చెప్పేవాళ్లు ఉండేవారా... వాళ్లను ఇప్పుడు అడిగితే ఏమంటున్నారు?