ఘాటీలో తాళం

రిలే స్విచ్చి ‘టిక్’ మంటే చాలు, ఇప్పటికీ నా ఒళ్లు చురుక్కుమంటుంది. విజయనగరంలో మా ల్యాబ్‌లో కార్లు ఉండవు. కారుకు మెదడులాంటి కంట్రోల్ మాడ్యూల్‌ని బల్ల మీద పెట్టి, కంప్యూటర్‌తో ఇంజినూ చక్రాలూ ఉన్నట్టు నటింపజేస్తాం. తాళం తిప్పినట్టు సంకేతం పంపితే రిలే మోగుతుంది, మాడ్యూల్ తాను రోడ్డు మీదే ఉన్నానని నమ్ముతుంది. ఆ శబ్దంతోపాటు పార్వతి గారు గుర్తొస్తారు. నాకు పని నేర్పింది ఆవిడే. ఆవిడంటే నాకు గౌరవం ఉంది, అంతకు మించి అసూయ ఉంది.

ఆవిడది కొండదారి ఘాటీ కిందుండే సాలూరు. నోరు పెద్దది, తన గొప్ప తానే చెప్పుకునేది. రాజాంలో ఇంజినీరింగ్ చదివిన నేను మొదటిసారి ఒక మాడ్యూల్‌ని ఒంటరిగా పరీక్షించాను. అది నెగ్గితే ఇక సొంతంగా పరీక్షలు నడిపే పని నాదే. అన్నీ నెగ్గినట్టు తెరంతా పచ్చగా వచ్చింది. పొంగిపోతూ ఆవిడకు చూపించాను.

“ఒసే సునీతా, ఘాటీ దిగినప్పుడు మనోళ్లు ఏటి సేస్తారో సెప్పు” అంది.

“బ్రేకేస్తారు మేడమ్.”

“నీ తలకాయ! డీజిలు మిగులుతాదని ఇంజిను ఆపీసి దిగిపోతారు. మలుపు కాడ మళ్లీ తాళం తిప్పుతారు. అలగ సేసి సూసావా?”

“కస్టమర్ ఇచ్చిన పరీక్షల్లో అది లేదు మేడమ్.”

“రోడ్డు మీద ఉన్నాది కదే!”

ఆవిడ కారు వేగంగా దిగుతున్నట్టు పెట్టి, తాళంతో ఇంజిను ఆపి, మళ్లీ తిప్పింది. రిలే టిక్ మంది. ఇంజిను లేవలేదు. పచ్చటి తెర ఎర్రబడింది. మాడ్యూల్ మరమ్మతుకు వెనక్కి వెళ్లింది, సొంతంగా పని చేసే అవకాశమూ దానితోపాటే వెళ్లింది. ఆఫీసంతా ఆవిడ చుట్టూ మూగి మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండిపోయింది. ఆ ఒక్క ప్రశ్న నాకెందుకు తట్టలేదని వారం పాటు ఏడ్చాను.

ఒకరోజు టీ తాగుతూ ఉండబట్టలేక అడిగేశాను. “అంత ప్రశ్న మీకెలా తట్టింది మేడమ్?”

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. “మా నాయన టాక్సీ తోలీవోడు. అలగే ఆపీసి దిగినాడు. తిప్పితే ఇంజిను లేవలేదు, బ్రేకు పెడలు రాయిలాగ బిగిసిపోనాది, ఎంత తొక్కినా దిగలేదు. మరి ఇంటికి రాలేదు.” తర్వాత మామూలుగానే నవ్వి, “టీ సల్లారిపోతాది, తాగు” అంది.

అది విన్నాక అసూయ పోవాలి కదా. పోలేదు, సిగ్గు మాత్రం వచ్చి పక్కన కూర్చుంది. ఏడాది తిరక్కుండానే ఆవిడ ఇంకా పెద్ద ఉద్యోగానికి వెళ్లిపోయింది. దానికీ కుళ్లుకున్నాను.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఏ మాడ్యూల్ వచ్చినా ముందు ఘాటీ దింపుతాను, తాళంతో ఇంజిను ఆపుతాను, మళ్లీ తిప్పుతాను. ఇంజిను లేచేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను. కొత్తగా చేరినవాళ్లు మెచ్చుకోలుగా అడుగుతుంటారు, ఈ పరీక్ష ఎవరికి తట్టిందని. “నాకే” అనాలని నాలుక కొనదాకా వస్తుంది. మింగేసి, “పార్వతి గారికి. వాళ్ల నాన్న కోసం” అంటాను.