ఓడలో దిగిన జంట ఫొటో

మా ఆయన ఆత్మకూరు-ఉదయగిరి రూట్లో ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఎవరైనా వాంతి చేసుకుంటే "కవరు తెచ్చుకోకూడదా?" అని కసురుకునేవారు.

ఆయన రిటైరయ్యాక ముచ్చటపడి ఇద్దరం చెన్నైలో విహార నౌక ఎక్కాం. మూడు రోజుల ప్రయాణం. తీరం కనుమరుగైందో లేదో, ఆయనకు కడుపులో తిప్పడం మొదలైంది. గాలికి బాగుంటుందని పైకి తీసుకొచ్చాను. "నీళ్ళకు గూడా గతుకులేందే?" అంటూనే రెయిలింగు పక్కన కూలబడి వాంతి చేసుకున్నారు. ఒక చేత్తో ఆయన నుదురు, ఇంకో చేత్తో వీపు పట్టుకున్నాను. కాస్త మజ్జిగ ఇమ్మని సర్వరును అడిగితే, భోజనాల టైము అయిపోయిందన్నాడు. అంతలో ఓడ ఫొటోగ్రాఫరు వచ్చి, "స్మైల్ ప్లీజ్ సార్!" అంటూ ఫొటో తీసేశాడు!

"మనిషి పోతావుంటే నవ్వమంటావేందిరా?" అని అరిచాను. తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు.

ఆ తర్వాత చివరిరోజు దాకా ఆయన మంచం దిగలేదు. ఆరోజు ఇద్దరం ఓడ దిగబోతూ చూస్తే, ఫొటోలు అమ్మే గోడమీద సూట్లేసుకున్న జంటల మధ్య మేము! నాకు తల కొట్టేసినట్టయింది. తీసెయ్యమని పోట్లాటకు దిగబోతే ఆయన ఆపారు.

"మన పెళ్ళి ఫొటోలో మధ్యన ఇంకో మనిషి పట్టేంత సందు ఉండాది. ఇదే బాగుండాది, కొందాం."

ఇప్పుడది మా ముందుగదిలో ఉంది. ఇక ఆయన బస్సెక్కితే చాలు, జేబులో నాలుగు కవర్లు, ఒక నిమ్మకాయ ఉండాల్సిందే. అవి ఆయన కోసం కాదు.