బరంపురంలో బంతి లేవని మైదానం

మా కళాశాలల సంఘం ఏటా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీలను ఒక్కో ఊళ్ళో జరుపుతుంది. పోయిన ఏడాది చివరికి రెండు ఊళ్ళు మిగిలాయి: రాజమండ్రి, బరంపురం. రాజమండ్రి మైదానం అందరికీ తెలిసిందే. బరంపురాన్ని ఎవరూ చూడలేదు. మాది ఆ పక్కనే గోపాలపురం, నాకు ఒడియా కూడా వచ్చు గనక నన్ను చూసి రమ్మన్నారు. తోడు రావలసిన పంతులమ్మగారికి ముందురోజు జ్వరం తగిలింది. ఒక్కదానివీ వెళ్ళగలవా అని అడిగితే వెళ్ళగలనన్నాను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. కాదంటే మళ్ళీ నాకు ఏ పనీ అప్పగించరని భయం. ఇంకో కారణం ఎవరికీ చెప్పలేదు. అది నా ఆఖరి సంవత్సరం. మా అమ్మ వారం వారం ఎండుచేపల గంపతో బరంపురం సంతకు వస్తుంది. పోటీలు అక్కడ పెడితే నేను ఆడుతుంటే ఒక్కసారైనా చూస్తుంది. రాజమండ్రి అయితే చూడదు.

మా కళాశాల ఉన్న వాల్తేరులో తెల్లవారుతూనే పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల పైచిలుకు. ఆడవాళ్ళ పెట్టెలో నాతోపాటు ఉన్న ముసలామె పలాసలో దిగిపోయింది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా నేనొక్కదాన్నే. బండి ఆగిన చోటల్లా ఎవరైనా తలుపు తోస్తారేమోనని గడియ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో గుడ్డలో మూటగట్టిన బంతి. సంఘంవారు ఇచ్చిన కాగితంలో మొదటి ప్రశ్న దాని గురించే: తల ఎత్తు నుంచి వదిలితే నడుము దాకా లేస్తుందా? ఇచ్ఛాపురంలో నలుగురు ఆడవాళ్ళు ఎక్కాక ఊపిరి ఆడింది. ఒకామె మూట తట్టి, "గుమ్మడికాయేటమ్మా?" అంది. బంతి అన్నాను. "ఇంత పెద్ద గుంటవి, నీకు బంతాటేటి?" అని పక్కామె అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని బంతిని వదల్లేదు.

రెండు గంటలకు బరంపురంలో దిగాను. మైదానం ఉన్న అంకులి దాకా జట్కాకు నాలుగణాలు. జట్కా తోలే సన్యాసి అనే తాత దిగపహండి రైతు, పొలం పని లేనప్పుడు బండి తోలతాడు. దారంతా ఆట గురించి అడుగుతూనే ఉన్నాడు.

"బుట్టలో బంతి ఏత్తే ఏటవుద్ది?"

"కింద పడిపోద్ది తాతా. ఆ బుట్టకి అడుగుండదు."

"అడుగు లేని బుట్టలో ఎయ్యడానికి రైలెక్కి వచ్చినావా తల్లీ. బాగుంది."

మైదానం ఒక బడి వెనక ఉంది. దాన్ని చూసుకునే అప్పన్న, అంతకుముందు చాలా ఏళ్ళు కుస్తీ గోదా చూసినవాడు. నా కోసం తలపాగా చుట్టుకుని నిలబడి ఉన్నాడు. కొత్తగా సున్నం వేసిన రెండు స్తంభాలు, వాటి మధ్య తెల్లటి ఇసుక. "గోపాలపురం నుంచి పది బళ్ళు తోలించినాను. ఆడపిల్లలు పడిపోతే మోకాళ్ళు సీరుకుపోవా?" అన్నాడు. అతనికి తెలిసిన ఆటలన్నింటిలోనూ ఒకరినొకరు పడేసుకుంటారు. అందుకే నేలంతా గోదాలా తవ్వి మెత్తగా చేశాడు. బంతి వదిలాను. దప్పుమని కూర్చుంది. ఇంకోచోట వదిలాను. అక్కడా అంతే.

అప్పన్న ముఖం పాలిపోయింది. నన్ను నూతి పక్కకు తీసుకెళ్ళాడు. అక్కడ ఎడ్లు తొక్కిన నేల రాయిలా ఉంది. "ఇక్కడెయ్యమ్మా." వేశాను. సరిగ్గా నడుము దాకా లేచింది.

"లెగిసింది కదా. అలాగే రాసీ తల్లీ. లెగలేదని తెలిస్తే వకీలు బాబు నన్ను పనిలోంచి తీసేత్తాడు." ఏర్పాట్లన్నీ చూసేది ఆ వకీలేనట.

పెన్సిలు తీశాను. "లేస్తుంది" అని ఒక్క మాట రాస్తే అతని పని నిలుస్తుంది, అమ్మ నా ఆట చూస్తుంది. రాయకపోతే ఒక ముసలివాడి కూడు నా చేతిమీదుగా పోతుంది. కాని అమ్మ గంప గుర్తొచ్చింది. పై చేపలు చూపించి అమ్మడం ఆమెకు చేతకాదు. కొనేవాళ్ళ చెయ్యి పట్టుకుని మరీ గంప అడుగుదాకా పెట్టిస్తుంది.

గోడ పక్కన చుట్ట కాలుస్తున్న సన్యాసి తాత అప్పుడు అన్నాడు: "ఇసక ఎత్తీసి, బంకమన్ను పోసి, తడిపి, ఎడ్లు తిప్పీ. పేడతో అలుకు. నాలుగెండలు కాత్తే నూర్పుల కళ్ళంలా అయిపోద్ది. రోకలేసినా గొయ్యి పడదు."

నేను ఇలా రాశాను: ఈరోజు బంతి లేవలేదు. ఇది పనివాడి తప్పు కాదు, ఆట ఎలా ఉంటుందో అతనికి మనం చెప్పలేదు. ధాన్యం నూర్చే కళ్ళంలా చేయిస్తే లేస్తుంది. రాసింది అప్పన్నకు చదివి వినిపించాను. అతను నూతివైపు తిరిగాడు. పొద్దుండగానే కాగితం టపాలో వేసి ఇంటికి చేరాను. అమ్మకు ఏమీ చెప్పలేదు.

సంఘం రాజమండ్రిని ఎంచుకుంది. అక్కడ ఆడాం, ఓడాం. ఆడుతున్నంతసేపూ అప్పన్న పని పోయిందేమోనన్న గుబులు వదల్లేదు. ఎండాకాలం సెలవుల్లో ఒక సంతరోజు, అప్పటి సంగతంతా దారిలో చెబుతూ, బంతి పట్టుకుని అమ్మతో అంకులి వెళ్ళాను. ఇసుక లేదు. అలికిన నల్లటి నేల, మధ్యలో చీపురుతో అప్పన్న.

"వచ్చినావా? నీ కాగితం సంగతి వకీలు బాబుకి సేరింది. పని తియ్యలేదు, ఇసక తియ్యమన్నాడు. పది బళ్ళూ నాసేతే ఎత్తించినాడు." నవ్వలేదు గాని తిట్టనూ లేదు. "నట్టనడిమినెయ్యి సూద్దాం."

అమ్మ గంప దించి బంతి నా చేతిలోంచి తీసుకుంది. మధ్యకు వెళ్ళలేదు. దూరంగా ఉన్న మూలకు నడిచి అక్కడ వదిలింది. నడుము దాకా లేచింది. రెండో మూల, మూడో మూల, నాలుగో మూల. తర్వాత గంప పక్కన కూర్చుని, "ఇప్పుడాడు, సూత్తాను" అంది.

ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆడాను. ఆరోజు నూతి పక్కన నిజం రాసినంత మాత్రాన భయం పోయిందని చెప్పలేను. అది నాతో రైల్లో వచ్చింది, రాజమండ్రి వచ్చింది, అంకులి మైదానం గేటు దాకా వచ్చింది. అమ్మ నాలుగో మూల నుంచి వెనక్కి తిరిగినప్పుడు మాత్రం ఆ భయం కాసేపు కనబడలేదు. పోటీలకు ఊరు చూడటానికి వెళ్ళేవారికి ఒక్క మాట: గాలి నింపిన బంతిని మీ వెంట తీసుకెళ్ళండి, వాళ్ళు వెయ్యమన్న చోట ఒకసారి, వెయ్యమనని చోట నాలుగుసార్లు వేసి చూడండి.