రెండు ట్రక్కుల మధ్య మా శనివారాలు

నల్లది, నీలిది. రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. షోరూమ్ గేటు దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. అంతవరకూ ఫోన్‌లో అరచేతి సైజులో చూసిన అమెరికా పికప్ ట్రక్కులు ఎదురుగా ఇంత ఎత్తుంటాయని నేను అనుకోలేదు. బానెట్ నా ఛాతీ దాకా వచ్చింది. నల్లదాని ముందు నిలబడి మాస్కు లోపలే గట్టిగా "అబ్బో!" అన్నాను. నలభై దాటినవాణ్ణి, ఇంజనీర్ని, ఇంటి లోను కడుతున్నవాణ్ణి. జాతరకు కొత్తగా వచ్చినవాడిలా నోరు తెరుచుకుని దాని చుట్టూ తిరిగాను.

మేముండేది ఎర్లాంగెన్‌లో. ఊరు ఊరంతా సైకిళ్ళ మీదే తిరుగుతుంది. మా ఆఫీసులో పెద్ద మేనేజరు కూడా వానలో సైకిల్ తొక్కుకుంటూనే వచ్చేవాడు. అలాంటి ఊళ్ళో ఆరు మీటర్ల ట్రక్కు కొంటానంటే మా ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇంట్ల కూసొని పని చేసి చేసి నీకు దిమాక్ ఖరాబైంది" అంది. కరోనా వచ్చిన రెండో ఏడు అది. ఇండియాకు విమానాలు లేవు, హోటళ్ళు మూతపడ్డాయి. ట్రక్కు వెనక ఒక కారవాన్, అదే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించుకుంటే ఎవరితోనూ పని లేకుండా యూరప్ అంతా చుట్టి రావచ్చని నేను వాదించాను. అసలు సంగతి అది కాదు. నాకు పెద్ద బండి కావాలి, అంతే. ఊహ తెలిసినప్పటి నుంచీ పెద్ద బండంటే నాకు పిచ్చి.

మా ఆవిడ రానంది. మా అమ్మాయి వచ్చింది. వింత అదే.

దానికప్పుడు పద్నాలుగేళ్ళు. బడి మూసేసి పాఠాలు లాప్‌టాప్‌లోకి వచ్చాక అది తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కిటికీ షట్టరు పగలు కూడా దించే ఉండేది. అన్నం తలుపు దగ్గర పెడితే సగం తిని పళ్ళెం మళ్ళీ అక్కడే పెట్టేది. ఎన్నిసార్లు పిలిచినా లోపల్నుంచి "గ్లైష్" అని ఒక్క జర్మన్ మాట వచ్చేది. ఇదిగో వస్తున్నా అని దానర్థం. రావడం మాత్రం ఉండేది కాదు. ఇంట్లోనే ఉన్న పిల్ల మీద బెంగ పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ చలికాలం నాకు తెలిసింది. ఆ శనివారం మా ఇంట్లో ఇంటర్నెట్ పోయింది కాబట్టి, వేరే గతి లేక నా వెంట వచ్చింది.

షోరూమ్ నూర్న్‌బెర్గ్ దాటాక హైవే పక్కన ఉంది. ముందే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని, కరోనా టెస్టు కాగితం చూపిస్తేగాని లోపలికి రానిచ్చేవారు కాదు. అమ్మకాలు చూసే పెద్దాయన మాస్కుకు రెండు పక్కలా తెల్ల మీసాలు బయటికొచ్చి ఉన్నాయి. నల్లదాన్ని స్టార్ట్ చేశాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆ చప్పుడు చెవులకన్నా ముందు నా కడుపుకు తెలిసింది. లోపల ఎర్రటి తోలు సీట్లు, టీవీ అంత తెర. నీలిదాని సంగతి ఇంకో రకం. వెనక తలుపులోంచి మెట్టు బయటికొస్తుంది, సీట్లు వీపు పిసుకుతాయి, గేరు రాడ్డు మడిచేస్తే అక్కడ బల్ల పరుచుకుంటుంది. పెద్దాయన మళ్ళీ నల్లదాని దగ్గరికొచ్చి ఏదో బటన్ నొక్కాడు. మేం ఎక్కడానికి వీలుగా బండి మెల్లగా కిందికి దిగింది.

"డాడీ, బండి నీకు దండం పెడుతుంది!" అని మా అమ్మాయి పకపకా నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

నేను పావుగంటలోనే తేల్చేసుకున్నాను: నల్లదే. తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట అన్నానో లేదో, "నైన్, కాదు. నీలిది" అంది అమ్మాయి. నాకు చర్రున కోపం వచ్చింది. ఎనిమిది సిలిండర్లెక్కడ, ఆరెక్కడ అని అరిచాను. ఎనిమిది సిలిండర్లు తాగే పెట్రోలు ఎవరు పోస్తారని అది అరిచింది. హైవే పొడవునా కొట్లాడుకున్నాం. ఇంటికొచ్చాక కూడా ఆ పోట్లాట ఆగలేదు. వాళ్ళమ్మకు ఫిర్యాదు చేస్తూ చేస్తూ అది డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. మా ఆవిడ చప్పుడు చేయకుండా దాని ముందు కంచం పెట్టి, అన్నం, పప్పు వడ్డించింది. అది మాట్లాడుతూనే మొత్తం తినేసింది.

మరుసటి శనివారం పొద్దున్నే గది తలుపు తెరుచుకుంది. "డాడీ, ఇవాళ టెర్మిన్ ఎన్నింటికి?"

నేను టెర్మిన్ తీసుకోలేదు. అప్పటికప్పుడు ఫోన్ చేసి బతిమాలాను.

అలా మొదలైంది. శనివారం వస్తే మేమిద్దరం బయల్దేరేవాళ్ళం. ఒకసారి నల్లది తోలేవాళ్ళం, ఒకసారి నీలిది. ఒక వారం పార్కింగ్ గొడవ వచ్చింది. మా ఇంటి ముందు జాగాలో రెండింటిలో ఏదీ పట్టదని అమ్మాయి, ఎందుకు పట్టదని నేను. అది సుద్దముక్కలు తెచ్చి వీధిలో రెండు ట్రక్కులనూ అసలు సైజులో గీసింది. రెండింటి ముక్కులూ పక్కింటి ముసలావిడ గేటు దాటిపోయాయి. ఆవిడ బాల్కనీలోంచి తొంగి చూసి, "ఇక్కడ బస్టాండ్ కడుతున్నారా?" అని అడిగింది. సాయంత్రానికి వీధిలో పిల్లలందరూ ఆ సుద్ద ట్రక్కుల్లో కూర్చుని హారన్లు కొడుతున్నారు. మా అమ్మాయి వాళ్ళకు డ్రైవరు. బండిని వీధి చివర పొలం పక్కన పెట్టుకుందామని తీర్మానించాం.

నాకు సంతోషం పట్టలేకుండా ఉండేది. ఆ సంతోషంలోనే భయం కూడా పట్టుకుంది. ట్రక్కు కొనేస్తే శనివారాలు అయిపోతాయి. అమ్మాయి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళిపోతే? కొననంత కాలం పిల్ల నాది, కొన్న రోజున పోతుంది అనిపించింది. అందుకని సాగదీయడం మొదలుపెట్టాను.

షోరూమ్ పెద్దాయన ఎప్పుడు కొంటారని అడిగితే మూఢం ఉందని చెప్పాను. శుక్రుడు సూర్యుడికి బాగా దగ్గరగా వెళ్ళి కనబడకుండా పోతాడు, ఆ రోజుల్లో మేం కొత్త బండి కొనం అని నా వచ్చీరాని జర్మన్‌లో వివరించాను. ఆయన చాలా మర్యాదగా తల ఊపాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు, అప్పుడు నిజంగానే మూఢం ఉంది. కాకపోతే నాకు అలాంటి పట్టింపులేమీ లేవు. నా మొదటి కారు అమావాస్య నాడు, అదీ రాహుకాలంలో తెచ్చుకున్నాను. పైగా ఆ మూఢం వేసవి మొదట్లోనే వెళ్ళిపోయింది. నేనే దాన్ని పోనివ్వలేదు.

మా ఆవిడ ఊరుకుంటుందా? ఒకరోజు వంటింట్లో నిలదీసింది.

"మూఢం పోయి నెల దాటింది. ఎవరి చెవుల పువ్వు పెడుతున్నవ్?"

"కొన్నమనుకో. శనివారం ఎక్కడికి పోతం? అది మళ్ళ తలుపేసుకుంటది" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి పొయ్యి తగ్గించింది. "అయితే ఇంకిన్ని రోజులు సాగదియ్యి. నేనేం మాట్లాడ" అంది.

వేసవి సెలవులు దగ్గరికొచ్చాయి. ఒక శుక్రవారం షోరూమ్ పెద్దాయన ఫోన్ చేశాడు. నల్లదాన్ని ఇంకెవరో అడుగుతున్నారట. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలన్నాడు. "మీ శుక్రుడి ఇబ్బంది నాకు తెలుసు. ఆ గ్రహం చలికాలం దాకా బయటికి రాదని మీ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మొన్న కూడా చేసింది. కానీ నేను అంతవరకూ ఆపలేను."

నేనలా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పమని అమ్మాయికీ చెప్పలేదు.

మెట్లెక్కి వెళ్ళాను. గది తలుపు ఓరగా తీసి ఉంది. వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నాను.

"షోరూమ్‌కు ఫోన్ చేసినవా?"

దాని చెవులు ఎర్రబడ్డాయి. "మూఢం ఉందని నువ్వే అన్నావ్ కదా."

"అది ఎప్పుడో పోయింది బిడ్డా."

"తెలుసు. నెట్‌లో చూసిన."

"సోమవారంలోగా చెప్పాలట. నీలిదే తీసుకుందాం. నువ్వు మొదటి నుంచి అదే అంటున్నవ్ కదా" అన్నాను.

"నల్లది తీసుకో డాడీ. నాకు కూడా ఫస్ట్ డే నుంచి నల్లదే ఇష్టం."

"మరి నీలిది నీలిది అని నా ప్రాణం ఎందుకు తీసినవ్?"

"నేను కూడా నల్లది అంటే నువ్వు ఆ రోజే కొనేసేవాడివి."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పిల్ల ముందు ఏడవడం ఇష్టంలేక లేచి, కిటికీ షట్టరు పాడైనట్టు దాన్ని పైకీ కిందికీ లాగుతూ నిలబడ్డాను. సాగదీస్తున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. నాకు కూతురు ఎంత అవసరమో దానికి నేనూ అంతే అవసరమని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

నల్లదే కొన్నాం. తెచ్చుకునే రోజు మా ఆవిడ కూడా వచ్చి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. షోరూమ్ పెద్దాయన పక్కన చేతులు కట్టుకుని నిలబడి, నిమ్మకాయలు చితికినప్పుడు చప్పట్లు కొట్టాడు. హైవే మీద నేను భయపడుతూ మెల్లగా పోతుంటే, నా పిచ్చిని తిట్టిన మా ఆవిడే వెనక సీట్లోంచి, "జర గట్టిగ తొక్కరాదు!" అని అరిచింది. తొక్కాను. ముగ్గురం ఒకేసారి కేకలు పెట్టాం. ఎర్లాంగెన్‌లోకి వచ్చేసరికి సైకిళ్ళవాళ్ళందరూ ఆగి మమ్మల్నే చూశారు. కొందరి చూపులో మెప్పు లేదు, అయినా నేను అందరికీ చెయ్యి ఊపాను.

పొలం పక్కన బండి ఆపి ఇంజను కట్టేశాను. ఆ చప్పుడు ఆగిపోగానే, ఇక మా శనివారాలు కూడా అయిపోయినట్టే అనుకున్నాను. మా ఆవిడ దిగి ఇంటివైపు నడిచింది. అమ్మాయి ముందు సీట్లోనే కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

"డాడీ, దీనికి వింటర్ టైర్లు కావాలి కదా?"

"కావాలి. చలి రాకముందే వేయించాలె."

"రెండు మంచి రకాలున్నయి. ఒకటి ఇక్కడే దొరుకుతది. ఇంకోటి చూడాలంటే రేగెన్స్‌బుర్గ్ దాకా పోవాలె." ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అంది. "తొందరపడి కొనకు."