దొరగారి భోజనానికి భోజనం

మా ఇంటి గడప కోడిగుడ్డు కూడా దాటలేదని ఇరవయ్యేళ్ళు గొప్పలు చెప్పుకున్న మనిషిని నేను. అలాంటి నేను ఒక వేసవంతా కీచురాళ్ళను పెంచి, బతికుండగానే ఇంకొకరి నోటికి అందించాను. తప్పంతా మా అమ్మాయిది. పన్నెండేళ్ళ పిల్ల. కుక్క వద్దన్నాను, పిల్లి వద్దన్నాను. ఊసరవెల్లి వద్దని మాత్రం అనలేదు, దాన్ని ఎవరైనా అడుగుతారని నాకు తట్టలేదు కాబట్టి. వాళ్ళ నాన్నగారు అప్పటికే సరేనన్నారు. ఆయన దేనికైనా ముందు సరేనని, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్ళిపోతారు.

ప్లెయిన్స్‌బరోలో మాది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. హాల్లో కిటికీ పక్కన జాలీ గూడు, లోపల చిన్న మొక్క, కొమ్మ మీద జానెడు ఊసరవెల్లి. అమ్మాయి దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టింది. ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పుతూ, ఎవరినీ లెక్కచేయకుండా కూర్చునే ఆ తీరు చూసి నేను ‘దొరగారు’ అన్నాను. దొరగారు చచ్చిన పురుగును ముట్టరు. ఎదురుగా ఏదైనా కదలాలి. కదిలిందా, ఒంటికంటే పొడుగైన నాలుక విసిరి, మనం రెప్ప వేసేలోగా లాగేసుకుంటారు.

కీచురాళ్ళను ఇంట్లోనే పెంచుదామంది అమ్మాయి. పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చాం. అవి దాక్కోవడానికి అందులో గుడ్ల అట్టలు నిలబెట్టాలట. గుడ్లే కొనని ఇంట్లో గుడ్ల అట్టలెక్కడివి? కింది ఫ్లాట్‌లో ఉండే తెలుగావిడ తలుపు తట్టి, ఖాళీ అట్టలుంటే ఇమ్మన్నాను. మేం గుడ్లు మొదలుపెట్టామనుకుని, ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

“పర్లేదండీ, పిల్లల ప్రోటీన్ కోసం మేమూ అలాగే స్టార్ట్ చేశాం. నేనెవరికీ చెప్పన్లెండి,” అంది.

ఆదివారానికల్లా మా కాంప్లెక్స్‌లో నేను ఆమ్లెట్లు వేస్తున్నానని తెలియనివాళ్ళు లేరు. ఒకావిడైతే పార్కింగ్‌లో ఆపి మరీ ముక్కున వేలేసుకుంది. కీచురాళ్ళ కోసమని నిజం చెబుదామనుకున్నాను కానీ, ఆలోచిస్తే ఆమ్లెట్టే నయమనిపించింది.

కీచురాయి ఏం తింటే అదే దొరగారి ఒంటికి పడుతుందని, కాబట్టి వాటికి మంచి తిండి పెట్టాలని అమ్మాయి చదివి చెప్పింది. నాకు ఆ ఒక్క మాట చాలు. మనింట్లో ఉన్నవాళ్ళు ఇంకో అరగంటలో ఊసరవెల్లి కడుపులోకి పోయేవాళ్ళే అయినా, ఖాళీ కడుపుతో పంపడం నా వల్ల కాదు.

వేసవి క్యాంపుకు వెళ్తూ అమ్మాయి ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించింది. క్యారెట్, ఇంకేవో నాలుగు ఆకులు, పెట్టేముందు కీచురాళ్ళకు కాల్షియం పొడి అద్దాలన్న మాట. పిల్లను పెంచినదాన్ని, పురుగును పెంచలేనా అనుకున్నాను. బాల్కనీ కుండీల్లో గోంగూర విరగబడి పెరిగింది. రోజూ ఇంత కోసి డబ్బాలో వేశాను. ఈనెలు మాత్రం మిగిల్చి ఊదేసేవి. తెలుగింటి పురుగులు మరి! ఇంత ఆకుకూర తింటుంటే మళ్ళీ పొడెందుకని అదీ మానేశాను.

అమ్మాయి క్యాంపు ముగిశాక, ఆగస్టు చివర్లో దొరగారి నాలుక గురి తప్పడం మొదలైంది. మొదట నవ్వాం. వారం తిరిగేసరికి నాలుక నోరు దాటి రావడమే కష్టమైంది. ఒకరోజు కొమ్మ మీద పట్టు జారి దొరగారే కింద పడ్డారు. అమ్మాయి పెట్టిన కేకకు నా చేతిలో గరిట పడిపోయింది.

ఇలాంటి జీవాలను చూసే డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాం. ఎక్స్‌రే తీసి, కీచురాళ్ళకు ఏం పెడుతున్నారని అడిగింది. గోంగూరను ఇంగ్లీషులో ఏమనాలో తెలియక ఫోన్‌లో ఫోటో చూపించాను.

“ఇది పుల్లగా ఉంటుందా?” అంది.

“చాలా!” అన్నాను గర్వంగా.

ఆ పులుపే కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదట. పొడి కూడా లేకపోయేసరికి ఎముకలు మెత్తబడ్డాయి, నాలుకలో బలం పోయింది. మళ్ళీ వస్తుందా అని అడిగితే, కొన్నిటికి వస్తుంది, కొన్నిటికి రాదు, అంది. రాకపోతే అది ఇక సొంతంగా వేటాడలేదు.

కారులో అమ్మాయి నన్ను తిట్టలేదు. “లిస్ట్ ఇచ్చా కదా అమ్మా. నువ్వు ఫాలో అవ్వలే. ఇంక నువ్వు ఫీడ్ చెయ్యొద్దు. ప్లీజ్,” అంది. ఆ ప్లీజ్ దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరికి ఏం పెట్టాలో నాకు తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలియదని నమ్మినదాన్ని.

ఆ తర్వాత నా ఉద్యోగం తువ్వాలు పట్టుకోవడం. రోజూ నేను దొరగారిని తువ్వాల్లో మెత్తగా పట్టుకుంటే, అమ్మాయి స్కూలుకు వెళ్ళే ముందు సిరంజితో మందు చుక్కలు వేసి, కీచురాయిని నోటికే అందించేది. కీచురాళ్ళకు నేను ఆకులు కడిగి తరిగితే, డబ్బాలో వేసేముందు ఒక్కొక్క ఆకూ తిప్పి చూసేది. నా వంటింట్లో నాకే తనిఖీ! ఒళ్ళు మండేది. అయినా గిన్నె చాచి నిలబడేదాన్ని. ఆ నాలుక ఇక రాకపోతే ఈ పిల్ల నన్ను క్షమిస్తుందా అన్నదొక్కటే లోపల తొలిచేది.

సెప్టెంబరంతా రాలేదు. అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మాయి పట్టకారుతో కీచురాయిని జానెడు దూరంలో పట్టుకుంది. దొరగారి రెండు కళ్ళూ మెల్లగా ముందుకు తిరిగి దాని మీద ఆగాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఠప్పుమని చప్పుడు. పట్టకారు ఖాళీ.

అమ్మాయి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దొరగారు మాత్రం మమ్మల్ని పట్టించుకోకుండా నమిలారు.

కాసేపటికి ముఖం తుడుచుకుని, “అమ్మా, రేపు ఆర్కెస్ట్రా ప్రాక్టీస్ ఉంది, లేట్ అవుతా. నువ్వు ఫీడ్ చేస్తావా?” అంది.

“ఎన్ని పెట్టమంటావు?” అని అడిగాను. వడ్డించే ముందు ఎంత పెట్టాలని ఇంకొకరిని అడగడం నా జన్మలో అదే మొదటిసారి.

“ఫైవ్,” అంది.

ఐదే పెట్టాను.